చేత్తో తొక్కే సైకిలు

డుంబ్రిగుడలో వరహాలరావు ఇల్లెక్కడా అంటే ఎవరికీ చటుక్కున తట్టదు. పిచ్చిసైకిళ్ళ మేస్త్రి అంటే మాత్రం సంతకొచ్చిన వాళ్ళెవరైనా రోడ్డు వారనున్న రేకుల షెడ్డు చూపిస్తారు. ముప్పై ఏళ్ళ కిందట గజపతినగరం పక్క పల్లెనుంచి, పంక్చర్లు వేసుకుని బతుకుదామని భార్య రాజులమ్మని వెంటబెట్టుకుని కొండెక్కినవాడు. అప్పట్లో పోస్టుమేన్‌కీ మేస్టర్లకీ ఫారెస్టు గార్డులకీ అందరికీ సైకిళ్ళే. పదిహేనేళ్ళు తిరిగేసరికి అందరూ మోటారుసైకిళ్ళెక్కేశారు. పాత సైకిళ్ళు షెడ్డు వెనకాల తుప్పుపట్టి గుట్టపడ్డాయి.

ఇంకొకడైతే ఇంజను పని నేర్చుకునేవాడే. వరహాలరావుకి అది రుచించలేదు. "ఇంజనుకి దాని బలం దానికుంటాది. మనం ఆలోసించడానికి ఏటి మిగుల్తాది?" అనేవాడు. తుప్పు గుట్టలోంచి ఒక ఫ్రేమూ ఇంకో ఫ్రేమూ లాగి, కోసి, అతికించి, లోకంలో లేని సైకిళ్ళు కట్టడం మొదలెట్టాడు. కిందొక సైకిలు, దాని నెత్తిన ఇంకొకటి ఉండే మేడసైకిలు కట్టాడు. దాన్నెక్కాలంటే గోడ పట్టుకోవాలి. మొగుడూపెళ్ళాల సైకిలని ఒకటి కట్టాడు. పక్కపక్కన కూచుని తొక్కాలి, ఇద్దరిలో ఎవరు అలిగి మానేసినా అది ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. కుడికి తిప్పితే ఎడమకి పోయేది ఇంకొకటి. అరకు చూడ్డానికొచ్చినవాళ్ళు కార్లాపుకుని వాటినెక్కి, పడి, నవ్వి, ఫొటోలు దిగి, ఏదో చేతిలో పెట్టి పోయేవారు. వాళ్ళున్నంతసేపూ సరదాగానే ఉండేది. వెళ్ళాక మాత్రం వరహాలరావుకి నోరు చేదెక్కినట్టుండేది. ఇంతమంది నవ్వారు గానీ, ఇదెలా నిలబడిందని ఒక్కరైనా అడగలేదే అనుకునేవాడు.

అలా అడిగిన మొదటి మనిషి దొయిమతి.

ఒకరోజు కొండ మీది పనసగుడ నుంచి ధర్మ అనే అతను భార్య దొయిమతిని వీపున జోలెకట్టి మోసుకుని ఆస్పత్రికి తీసుకొచ్చాడు. తిరిగి వెళుతూ, వాన జల్లు తగిలితే షెడ్డు చూరు కిందకి వచ్చి ఆమెని బల్ల మీద దించాడు. ఆమెకి ముప్పై అయిదేళ్ళుంటాయి. అంతకు మూడేళ్ళ ముందు, కాఫీ తోటలో నీడకి పెంచే సిల్వరోకు చెట్టు మీద మిరియం కోస్తూ నిచ్చెన జారి పడింది. నడుం దగ్గర ఏదో తెగిపోయి కాళ్ళు చచ్చుబడిపోయాయి. నడుం పైభాగం మాత్రం గట్టిది. భుజాలు చూస్తే కావిడి మోసే మగవాడి భుజాల్లా ఉంటాయి.

వాన పడుతున్నంతసేపూ ధర్మ రోడ్డు కేసి చూస్తూ కూచున్నాడు. దొయిమతి మేడసైకిలు కేసే చూస్తోంది.

"ఇది పడిపోదా, మేస్త్రి దాదా?" అంది. వాళ్ళ మాటలో దాదా అంటే అన్న.

"పోతున్నంతసేపు పడదు," అన్నాడు వరహాలరావు.

"ఆగితే?"

"ఆగితే పడతాది."

"అయితే ఆగినప్పుడు పడకుండా కట్టీయొచ్చు కదా."

వరహాలరావు చేతిలో పానా కింద పెట్టాడు. ఆమె కేసి తిరిగి కూచున్నాడు. వాన వెలిసేదాకా ఇద్దరూ ఆ సంగతే మాట్లాడుకున్నారు. చివరికి, వేడుకుంటున్నట్టు కాకుండా, చీపుర్ల బేరమాడినంత మామూలుగా ఆమె అడిగింది: "కాళ్ళు లేనోళ్ళకి కట్టగలవా?"

"మూడుసక్రాల బండి ఇవ్వనేదా నీకెవరూ?"

"ఇచ్చినారు. ఎవరో పెద్దోళ్ళొచ్చి ఇచ్చి ఫొటో తీసుకున్నారు. మా దారి ఇంతే ఉంటాది." అరచేతులు రెండూ మూరెడు ఎడంగా పెట్టి చూపించింది. "అది పట్టదు. దాంట్లో ఇప్పుడు కోళ్ళు పడుకుంటన్నాయి."

మర్నాడే వరహాలరావు పురికొస తాడొకటి జేబులో వేసుకుని పనసగుడ ఎక్కాడు. తారురోడ్డు నుంచి ఊరికి రెండు మైళ్ళు. ఒక పక్క కొండ కోత, ఒక పక్క కాఫీ తోటల్లోకి జారుడు. మధ్యలో గెడ్డ, చిన్న కొండవాగు. దాని మీద పక్కపక్కన ఆనించి వేసిన రెండు దుంగలు, వాటి నడుమ ఒక చక్రం పట్టేంత గాడి. దారి వెడల్పు ఎక్కడెంతో తాడుకి ముడులు వేసుకుంటూ నడిచాడు. రెండు వైపులా చక్రాలుండే బండి ఆ దారిన నడవదని తేలిపోయింది. ముందొకటి, వెనకొకటి, సైకిలులాగే ఉండాలి. కూచున్న మనిషి చెయ్యి చాపితే నేల అందేంత కిందకుండాలి. కాళ్ళు చెయ్యాల్సిన పని చేతులు చెయ్యాలి.

మొదట కట్టిన బండి గెడ్డలో పడింది. అందులో దొయిమతి లేదు, వరహాలరావే ఉన్నాడు. రెండోదాన్ని దొయిమతి చదునులో బాగానే తొక్కింది గానీ, ఎత్తు తగిలేసరికి చేతులు నిలిచిపోయాయి. ఎంత భుజబలమున్నా చేతులు చేతులే, తొడల బలం వాటికి రాదు. వరహాలరావు వారం రోజులు ఏ పనీ ముట్టుకోకుండా బీడీలు కాలుస్తూ కూచున్నాడు. ఆ తరవాత అటకెక్కి, గుడ్డలో చుట్టి దాచిన వస్తువొకటి దించాడు.

అది ఒక హబ్బు. చక్రం నడిమధ్యన, చువ్వలు కలిసేచోట ఉండే బుడ్డ. అంతకు ముందేడు ఒక తెల్లాయన ఘాట్‌రోడ్డంతా సైకిలు మీదెక్కి వచ్చి, ఇక్కడ ఫ్రేము విరిగిపోతే, బస్సెక్కుతూ మిగిలిన ముక్కలు ఇతనికిచ్చి పోయాడు. ఆ హబ్బు ముదిరిన కొబ్బరికాయంత ఉంటుంది. పద్నాలుగు గేర్లు, అన్నీ దాని కడుపులోనే. నూనెలో మునిగి ఉంటాయి, బురద తగలదు, నీరు తగలదు. అతి కింది గేరులో వేస్తే చిటికెనవేలితో తిప్పినా చక్రం మూలుగుతూ కదులుతుంది. దేవుడి పటం తీసినట్టు దాన్ని అప్పుడప్పుడూ తీసి, తిప్పి, విని, మళ్ళీ చుట్టి పెట్టేవాడు. విప్పడానికి మాత్రం ఎన్నడూ ధైర్యం చెయ్యలేదు.

దాన్ని దొయిమతి బండికి వేశాడు.

మూడో బండి పూర్తయ్యేసరికి వలిసెచేలు పసుపచ్చగా పూశాయి. చూడ్డానికి అది వింతగానే ఉండేది. నేలకి జానెడెత్తున నవ్వారు అల్లిన కుర్చీ, ఆమె కాళ్ళు చాపి కట్టుకోడానికి ముందు ఒక తొట్టి, రొమ్ముకెదురుగా చేతిపెడళ్ళు. ఎడమ పక్క ఒక మీట. మీట లాగితే పిల్ల చక్రాలు రెండు, కోడి రెక్కలు దించినట్టు అటూ ఇటూ దిగి బండిని నిలబెడతాయి. వెనక చక్రానికి పళ్ళకొక్కెం ఉంది, ఎత్తులో చేతులు వదిలేసినా వెనక్కి దొర్లదు. వెనకాల చీపురుకట్టలు కట్టుకోడానికి అడ్డబద్ద.

మొదటి సంతకి ఆమె దిగే రోజున వరహాలరావు వెనకాలే నడుస్తానన్నాడు. ఆమె వద్దంది. "నువ్వు కిందుండు. నాను వచ్చీగలను." ధర్మని కూడా వెనక రానివ్వలేదు. వరహాలరావు తారురోడ్డు మలుపులో నిలబడ్డాడు. గంట గడిచింది. ఇంకో పావుగంట. కాఫీ మొక్కల మధ్యనుంచి ముందు చీపుర్ల కొసలు కనపడ్డాయి, ఆ తరవాత ఆమె తల. ఒళ్ళంతా చెమట. మోచేయి గీసుకుపోయి రక్తం కారుతోంది. అతని ముందుకొచ్చి మీట లాగి, రెక్కలు దించి ఆగింది.  రోడ్డుకి అటూ ఇటూ, వెళుతున్న ఆటోల కేసీ మనుషుల కేసీ చూసింది. మూడేళ్ళుగా తన ఇంటి అరుగు తప్ప మరొకటి ఒంటరిగా చూడని మనిషి.

ఆ తరవాత ఏడాదిన్నర పాటు ఒక్క సంతా తప్పలేదు. చీపుర్లు, పసుపుకొమ్ములు, అడ్డాకు విస్తళ్ళు వేసుకొచ్చి వరసలో కూచునేది. తిరిగి వెళ్ళేటప్పుడు షెడ్డు దగ్గర ఆగి చైనుకి నూనె వేయించుకునేది. సంత లేని రోజున కూడా ఒక్కోసారి కనిపించేది.

"ఏటి దొయిమతీ, ఇయాల ఏటి సేసినావు?"

"ఏటీ సెయ్యనేదు. ఏటికాడ కూకున్నాను."

"ఏటికాడ ఏటుంది?"

"ఏటుంటాది, నీళ్ళున్నాయి," అని నవ్వేది.

సంతలో ఎవరో ఆమె బండి దిగుతుండగా వీడియో తీశారు. అది ఫోన్లలో తిరిగింది. ఒకనాడు విశాఖపట్నం నుంచి రవిబాబు అనే అతను షెడ్డుకొచ్చాడు. ముప్పై లోపు కుర్రాడు, మెడలో కార్డు, మాట చాలా మర్యాద. కొత్త వస్తువులు కట్టేవాళ్ళ కోసం నగరంలో ఏదో సంస్థ ప్రదర్శన పెడుతోందట. అతను మేడసైకిళ్ళ జోలికి పోలేదు. బండి కోసం సంతదాకా వెళ్ళి, నేల మీద బోర్లా పడుకుని కింది నుంచి చూసి, లేచి దుమ్ము దులుపుకుంటూ అడిగాడు: "ఈ రెక్కలు ఎంత బరువు వరకు ఆపుతాయండీ? ఈ కోణం ఎలా నిర్ణయించారు?"

ముప్పై ఏళ్ళలో వరహాలరావుని చదువుకున్నవాడెవడూ ఆ ప్రశ్న అడగలేదు. టీ తెప్పించాడు. తాడూ ముడులూ చూపించాడు. 

"మూడు రోజులండీ. బండి వేనులో మేమే తీసుకెళ్ళి మేమే తెస్తాం. మీకు సత్కారం ఉంటుంది," అన్నాడు రవిబాబు.

"బండి నాది కాదు బాబూ, ఆయమ్మది."

"మీరు చెబితే ఇస్తారు కదండీ."

ఆ మాట నిజం. అందుకే ఆ సాయంత్రం ఇంట్లో గొడవైంది. రాజులమ్మ అన్నం వడ్డిస్తూ అంది: "ఆ గుంట కాళ్ళట్టుకెళ్ళి ఆళ్ళకిచ్చీసి, నువ్వు శాలువా కప్పించుకుంతావేటి?"

"మూడు రోజులే. సంతలోపే వచ్చీత్తాది."

"రాకపోతే?"

"ఎందుకు రాదు? నీకు నా పేరు పేపర్లో పడితే కడుపుమంట," అన్నాడు. అనకూడని మాటని అతనికే తెలుసు. రాజులమ్మ చారు గిన్నె అక్కడే పెట్టేసి బయటికి వెళ్ళిపోయింది.

పనసగుడలో దొయిమతి అరుగు మీద కూచుని విస్తళ్ళు కుడుతోంది. వరహాలరావు చెప్పిందంతా తల వంచుకుని విన్నది. పుల్ల గుచ్చుతూనే ఉంది. ఆ విస్తరి పూర్తయ్యాక అడిగింది.

"మూడు రోజులే?"

"మూడే."

"సంతకి వచ్చీత్తాదా?"

"సంతకి ముందురోజే నీ గుమ్మంలో ఉంటాది. నాను తెచ్చీత్తాను."

ఆమె ధర్మ కేసి చూసింది. ధర్మ నేల కేసి చూశాడు. ఆమె అరుగు మీంచి పాక్కుంటూ బండి దగ్గరికి వెళ్ళి, మడ్డిగార్డు మీది బురద అడ్డాకుతో తుడిచి, "తీసుకెళ్ళు," అంది.

రవిబాబు ఏవో కాగితాలు తెచ్చాడు, ఇంగ్లీషులో. "ఫార్మాలిటీ అండీ," అన్నాడు. వరహాలరావు మూడుచోట్ల సంతకం పెట్టాడు.

ప్రదర్శన బాగా జరిగింది. ఆ మాట ఒప్పుకోవాలి. శాలువా కప్పారు, గాజు జ్ఞాపిక ఇచ్చారు. పేరు పేపర్లో పడింది. ఎవరో పెద్దమనిషి భుజం మీద చెయ్యేసి, "మీలాంటివాళ్ళే ఈ దేశానికి కావాలి," అన్నాడు. వరహాలరావు బస్సులో అనంతగిరి మలుపులన్నీ ఆ మాటే నెమరేసుకుంటూ పైకొచ్చాడు. నాలుగోరోజున బండి రాలేదు. ఫోను చేశాడు.

"మంచి వార్తండీ," అన్నాడు రవిబాబు. "పెద్దవాళ్ళకి బాగా నచ్చింది. ఇంకోచోట కూడా చూపిస్తామన్నారు. పది రోజులు."

"బాబూ, ఆయమ్మకి రేపు సంత."

"అర్థమవుతుందండీ. నేను మాట్లాడతాను."

పది రోజులు ఇరవై అయ్యాయి. రవిబాబు ప్రతిసారీ ఫోనెత్తేవాడు. ఒక్కసారీ విసుక్కోలేదు. నెలన్నర తరవాత ఒకరోజు ఎంతో బాధగా చెప్పాడు: తనకి వేరే ఉద్యోగం వచ్చింది, బెంగుళూరు వెళుతున్నాడు, ఫైలు వేరేవాళ్ళకి అప్పజెప్పాడు. ఆ వేరేవాళ్ళ నంబరు ఇచ్చాడు. దానికి ఫోను చేస్తే అవతలి గొంతు ఏ బండి అని అడిగింది.

మొదటి రెండు సంతలకీ దొయిమతి, ఎవరైనా కిందికి వెళుతుంటే కబురు పంపి అడిగించింది. మూడో సంతకి ధర్మ ఒక్కడూ చీపుర్లు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. కాఫీ తోట కూలి మానుకుని రావాల్సొచ్చింది. షెడ్డు ముందునుంచే నడిచి వెళ్ళాడు. ఆగి, "ఎండ బాగుంది మేస్త్రీ," అన్నాడు. బండి మాట అడగలేదు. ఆ తరవాత ఏ సంతకీ అడగలేదు. ఎవరైనా వచ్చి చొక్కా పట్టుకుని నిలదీస్తే బాగుణ్ణని వరహాలరావుకనిపించేది. ఎవరూ రాలేదు. రాజులమ్మ కూడా, నేను ముందే చెప్పానని ఒక్కమాట అనలేదు. భోజనం పెట్టి పక్కకి జరిగేది.

అతను విశాఖపట్నం నాలుగుసార్లు వెళ్ళాడు. ప్రదర్శన పెట్టిన హాల్లో ఇప్పుడు పెళ్ళి జరుగుతోంది. సంస్థ ఆఫీసులో కూచోబెట్టి నీళ్ళిచ్చారు, పేరు రాసుకున్నారు. సారు ట్రైనింగుకి వెళ్ళారన్నారు. రెండోసారి వెళ్ళినప్పుడు ఇంకొకరు పేరు రాసుకున్నారు. ఎవరూ కసురుకోలేదు. మూడోసారి ఒకమ్మాయి కంప్యూటర్లో వెతికి, ఆ వస్తువు శాశ్వతంగా ఒక విజ్ఞాన కేంద్రానికి బదిలీ అయినట్టుందని చెప్పి, కేంద్రం పేరు చీటీ మీద రాసి ఇచ్చింది. అప్పటికే అక్కడ సాయంత్రం తలుపులు మూసేశారు. నాలుగోసారి, శ్రావణ మాసం వానలో తడుస్తూ తెల్లారి బస్సెక్కి, అక్కడికి చేరాడు.

లోపల చల్లగా ఉంది. నున్నటి నేల. ఒక బడి పిల్లలు వరసకట్టి తిరుగుతున్నారు. మూలమీద గదిలో, ఎత్తు దిమ్మ మీద, దీపాల వెలుగులో బండి కనిపించింది. ఎర్ర రంగు వేశారు. కింద పలక మీద వరహాలరావు పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. అతను దగ్గరికి నడిచాడు. కాళ్ళు తడిసి ఉండడంతో నేల మీద అడుగులు పడ్డాయి.

వెనక చక్రం దగ్గర ఏదో తేడాగా తోచింది. వంగి చూశాడు.

హబ్బుని నిలువునా కోశారు. పనసకాయ కోసినట్టు, సరిగ్గా సగానికి. లోపలి గేర్లన్నీ బయటికి కనబడుతున్నాయి, ఒక్కోదానికీ ఒక్కో రంగు, నీలం, పచ్చ, పసుపు. కోత మహా శుభ్రంగా ఉంది. చెయ్యి తిరిగిన పనివాడు చేసిన కోత. ఇన్నేళ్ళూ తాను ఊహించుకున్నదీ, విప్పి చూడ్డానికి భయపడ్డదీ ఇదేనా అనుకున్నాడు. చాలా అందంగా ఉంది లోపల. అదే అతన్ని ఎక్కువ కుంగదీసింది.

"మీరు వరహాలరావుగారా?" వెనకనుంచి ఒక మేడం గొంతు వినిపించింది. కళ్ళజోడు, కాటన్ చీర, నిజంగా సంతోషపడుతున్న మొహం. "పేపర్లో ఫొటో చూశాను. మీరే వచ్చారు! పిల్లలూ, ఇలా రండి. ఇది చేసింది ఈయనే."

ముప్పై మంది పిల్లలు చుట్టూ మూగారు. మేడం అతని చేతికి ఒక సన్నటి కర్ర ఇచ్చింది. "రెండు నిమిషాలు ఎలా పనిచేస్తుందో చెప్పండి. మీ నోటితో వింటే వాళ్ళకి గుర్తుంటుంది."

అడగాల్సింది అడగడానికి వచ్చిన మనిషి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. పిల్లలందరూ తలలెత్తి చూస్తున్నారు. అతని నోరు దానంతటదే కదిలింది. "ఇది సేతులతో తొక్కే సైకిలు," అన్నాడు. "కొండదారి సన్నంగా ఉంటాది గనక..." రెక్కల సంగతి చెప్పాడు. పళ్ళకొక్కెం సంగతి చెప్పాడు. రంగు గేర్లు కర్రతో చూపిస్తూ, ఏది దేన్ని తిప్పుతుందో, అప్పుడే తనకీ మొదటిసారి తెలుస్తుండగా, చెప్పాడు. ఒక పాప చెయ్యెత్తి, "ఇప్పుడు ఇది నడుస్తుందాండీ?" అనడిగింది.

"నేదమ్మా. ఇప్పుడు నడవదు," అన్నాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు.

తరవాత మేడం గదిలో చెప్పాడు. బండి ఎవరిదో, ఆమె ఎక్కడుంటుందో, మూడు రోజులని ఎలా తెచ్చారో. మేడం ముఖం మెల్లగా వాడిపోయింది. ఆమె చెడ్డమనిషి కాదు. బీరువా తీసి కాగితం వెతికి తెచ్చింది. అడుగున వరహాలరావు సంతకం, వంకర లేకుండా ఉంది. శాశ్వత ప్రదర్శన నిమిత్తం స్వచ్ఛందంగా ఇచ్చినట్టు అందులో రాసి ఉందని చదివి చెప్పింది.

"మాకు విరాళమనే చెప్పారండీ. తెలిస్తే కోయనిచ్చేదాన్ని కాదు," అంది. కాగితం మళ్ళీ బీరువాలో పెట్టి, "మీరు ఇంకొకటి చేసేయగలరు కదా? మీలాంటి నేర్పరులకి అదెంత పని?" అంది.

"ఆ బుడ్డ ఇక్కడ దొరకదమ్మా."

"ఆన్‌లైన్లో చూద్దాం ఉండండి." ఫోనులో వెతికింది. బొమ్మ కనపడగానే అతనికి చూపించింది. అదే. కింద ఉన్న అంకె చూసి, రెండోసారి చూసి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.  వెళ్ళేటప్పుడు గేటు దాకా గొడుగు పట్టుకుని వచ్చి సాగనంపింది.

మర్నాడు వరహాలరావు పనసగుడ ఎక్కాడు. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ వెళ్ళాడు. తీరా అరుగు ముందు నిలబడేసరికి అన్నీ పోయి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కోసేశారని చెప్పాడు. సంతకం పెట్టింది తానేనని చెప్పాడు.

దొయిమతి చేతులు ఆగాయి. ఏడాదిన్నరలో పెడళ్ళు తిప్పి తిప్పి అరచేతుల్లో కాసిన కాయలు మెత్తబడి పొరలు లేస్తున్నాయి. వాటిని గిల్లుకుంటూ కూచుంది.

"నువ్వు అడిగినేళే తెలిసింది, రాదని," అంది.

"మరి ఎందుకిచ్చినావు?"

"నువ్వు కట్టి ఇచ్చినావు కదా, దాదా. ఎలాగ వద్దనేది?"

వరహాలరావు వచ్చిన దారినే దిగాడు.

షెడ్డుకొచ్చి ఇంకో బండి మొదలెట్టాడు. అటక మీద హబ్బు లేదు గనక, చైను తిరిగే పళ్ళబిళ్ళలు చిన్నవీ పెద్దవీ వేసి, చైను మీద చైను కట్టి, ఎత్తుకి బలం తేవాలని చూశాడు. చైన్లు బురద పట్టి దూకేశాయి. ఇంకోలా కట్టాడు. దసరాలకి ఒక బండి నిలిచింది. దాని మీద దొయిమతి కిందకి దిగగలదు. పైకి మాత్రం వెళ్ళలేదు. గెడ్డ దాటాక వచ్చే రెండు ఎత్తుల్లో చేతులు ఆగిపోతాయి.

"నాను తోస్తాను," అన్నాడు వరహాలరావు. "సంతరోజున పొద్దున్న వచ్చి దింపుతాను. సాయంత్రం తోసి ఎక్కించీత్తాను."

అలా అయిదు సంతలు చేశాడు. అరవై రెండేళ్ళవాడు. ఎత్తులో మోకాళ్ళు కలుక్కుమనేవి. మధ్యలో నాలుగుచోట్ల ఆగి ఊపిరి తీసుకునేవాడు. దొయిమతి ముందు కూచుని చేతులు తిప్పుతూనే ఉండేది. తిప్పినా తిప్పకపోయినా ఒకటేనని ఇద్దరికీ తెలుసు. ఎదురొచ్చినవాళ్ళు దారిచ్చి, "అయ్యో," అని ఒక్కమాట అని పోయేవారు. ఇదివరకు ఆమెని చూసి ఎవరూ ఆ మాట అనలేదు. సంతలో కూడా ఆమె తొందరపడేది. అతను షెడ్డు మూసేసి కాచుకుని కూచుంటాడని, సగం చీపుర్లు అయినకాడికి ఇచ్చేసి, "పోదాం దాదా," అనేది.

ఆరో సంతకి పొద్దున్నే అతను వెళ్ళేసరికి ఆమె తయారై లేదు. ధర్మ చీపుర్లు కట్టుకుంటున్నాడు. ఆమె పొయ్యి ముందు రాగిపిండితో చోడి అంబలి కలుపుతోంది.

"బేగి రా దొయిమతీ, ఎండెక్కిపోద్ది."

"నాను రాను. ఆయన పోతాడు." గిన్నెలో అంబలి పోసి ఇచ్చింది. "కూకో. తాగు."

అతను కూచున్నాడు.

"మోకాళ్ళ గురించి అయితే నాకేటీ పరవాలేదు," అన్నాడు.

"మోకాళ్ళ గురించి కాదు." మాట కోసం వెతుక్కుంది. ఆమెకొచ్చిన సంత తెలుగు ఇలాంటి మాటలకి చాలదు. "అది ఉన్నేళ నాను పోయేదాన్ని. ఇప్పుడు నువ్వు తీసుకెళ్తన్నావు. తీసుకెళ్ళడానికి ఈయన వీపు ఉంది కదా."

వరహాలరావు గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. ఏదో ఒకటి చెప్పాలి. ఇంకో బండి కడతాననాలి. కట్టలేనని ఇద్దరికీ తెలుసు. అంబలి చల్లారిపోయింది. తాగాడు.

"ఆ బండి తీసుకుపో," అంది దొయిమతి. "ఇక్కడుంటే సూడబుద్ధి అవదు."

చీపుర్లు నెత్తినెత్తుకుని ధర్మ ముందు వెళ్ళిపోయాడు. వరహాలరావు ఖాళీ బండి హేండిలు పట్టుకుని దిగడం మొదలెట్టాడు. వంగి పట్టుకుంటే గాని అందదు, నడుం విరిగిపోతోంది. వెనక్కి తిరిగి చూడలేదు. గెడ్డ దగ్గర దుంగల మీద బండిని భుజానికెత్తుకుని దాటాడు. తారురోడ్డు మలుపులో టీ కొట్టు స్వామి గ్లాసులు కడుగుతూ తలెత్తి చూశాడు.

"ఏటి మేస్త్రీ, కొత్తదా?"

"ఆ, కొత్తదే," అన్నాడు వరహాలరావు.

"ఇదేం సేస్తాది?"

 ఆటో ఒకటి వాళ్ళ మధ్యనుంచి హారను కొట్టుకుంటూ పోయింది. వరహాలరావు బండిని రోడ్డు వారకి లాక్కుని, ఎడమ చేతిలోంచి కుడి చేతికి మార్చుకుని, షెడ్డు కేసి నడిచాడు.